తాగే వీధికి హద్దులు గీసేదెవరు?

అమెరికాలో చాలా ఊళ్ళలో మద్యం చేతబట్టుకుని వీధిలో తిరగడం నేరం. అయితే వ్యాపారం సన్నగిల్లిన కూడళ్ళకు జనాన్ని రప్పించాలన్న పేరుతో, కొన్ని వీధుల్లో మాత్రం ఆ నిషేధాన్ని సడలించే చట్టాలు వచ్చాయి. ఒహాయో రాష్ట్రం 2015లో, మిచిగన్ 2020లో, నార్త్ కరోలినా 2021లో అలాంటివి చేశాయి. గీసిన హద్దుల్లోపల, అక్కడి బారులో కొన్న మద్యాన్ని ప్లాస్టిక్ గ్లాసులో పట్టుకుని నడవవచ్చు.

స్త్రీలు తాగవచ్చా, కూడదా అన్న నీతి చర్చ కాదు మనది. వీధి ఎవరిదన్నదే ప్రశ్న. ఒహాయో చట్టం ప్రకారం ముందుగా బహిరంగ ప్రకటన ఇవ్వాలి. హద్దులు, వేళలు, భద్రతకు ఎంతమంది సిబ్బంది కావాలో, పారిశుధ్యం ఎలాగో రాతపూర్వకంగా తేల్చాలి. అయిదేళ్ళకు సమీక్షించి, కొనసాగించాలో రద్దు చేయాలో నిర్ణయించాలి. ఇది మంచిదే. కానీ ఆ గ్లాసులు అందించే స్త్రీ అర్ధరాత్రి ఇల్లెలా చేరుతుందో ఆ కాగితాల్లో ఎక్కడుంది? వీధిలో తాగినవాడు గడప దాటి లోపలికి వచ్చాక జరిగే హింస ఏ పటంలో కనిపిస్తుంది?

మనకు ఆ మాత్రం పద్ధతి కూడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రద్దయిన పర్మిట్ రూములు 2025లో తిరిగి వచ్చాయి. రెండుసార్లూ నిర్ణయం ప్రభుత్వానిదే. ఆ పక్కనుంచే బడికీ బస్టాపుకీ నడిచే ఆడవాళ్ళ సమ్మతి ఎవరికీ అవసరపడలేదు. 1992లో దూబగుంట స్త్రీలు రగిలించిన ఉద్యమం వల్ల 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో ఖజానా పేరు చెప్పి మద్యనిషేధాన్ని ఎత్తేశారు. పోరాడి సాధించుకున్నదాన్ని కాపాడుకునే అధికారం మాత్రం స్త్రీల చేతికి రాలేదు.

ఆ అధికారం అసాధ్యమేమీ కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మద్యం అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. మైదాన ప్రాంతపు గ్రామసభకూ పట్టణ వార్డుకూ ఎందుకు ఉండకూడదు?

దుకాణమైనా, పర్మిట్ రూమైనా పెట్టేముందు స్థలం ప్రకటించాలి. కూలికి వెళ్ళిన స్త్రీలు కూడా రాగలిగే వేళలో సభ జరపాలి. వీధి దీపాలకూ రాత్రి బస్సుకూ పూచీ ఇవ్వాలి. ఏటా సమీక్ష జరగాలి. వద్దన్న మాటకు చట్టబలం ఉండాలి. కొత్త లైసెన్సుల గడువు వచ్చేలోగా ప్రతి ఊళ్ళో, ప్రతి వార్డులో ఈ డిమాండ్లను మన సంఘాలు ముందు పెట్టాలి.