అంకె పెరిగింది, మెమరీ తగ్గింది

2021 ఫిబ్రవరిలో ఎన్విడియా తెచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డులో మెమరీ 12 జీబీ. దాని స్థానంలో 2023 జూన్‌లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060లో 8 జీబీయే. మెమరీ బస్ వెడల్పు 192 బిట్ల నుంచి 128కి కుదించుకుపోయింది. సెకనుకు 360 జీబీ డేటా అందే చోట ఇప్పుడు 272 జీబీ అందుతుంది. కోర్లు సైతం 3,584 నుంచి 3,072కు పడిపోయాయి. ఈ పట్టిక ఒక్కటే చూస్తే కొత్తది నాసిరకం అనిపిస్తుంది. తీరా ఆట నడిపి చూస్తే, 1080పీలో చాలా ఆటల్లో 4060 పాతదాన్ని 15 నుంచి 20 శాతం దాకా మించిపోతుంది. అదీ 170 వాట్లకు బదులు 115 వాట్లతోనే. పట్టికలో అబద్ధమేమీ లేదు. వేర్వేరు తరాల అంకెలను ఒకే తక్కెడలో తూయబోవడమే చిక్కు. ఎంత మెమరీ ఉందన్న అంకె ఒక్కటే ఏ తరంలోనైనా దాదాపు ఒకే అర్థం ఇస్తుంది. కొనేవాళ్లు ముందుగా నిలదీయాల్సింది దాని గురించే. కంపెనీలు పిడికిలి బిగిస్తున్నదీ సరిగ్గా అక్కడే.

కోర్ల సంగతే తీసుకుందాం. 2017లో 699 డాలర్లకు వచ్చిన జీటీఎక్స్ 1080 టీఐలోనూ కోర్లు 3,584, నాలుగేళ్ల తర్వాత 329 డాలర్లకు వచ్చిన 3060లోనూ సరిగ్గా 3,584. ఆ రెండు కోర్లు ఒకటి కావు. 2080 టీఐలో 4,352 కోర్లుంటే, తర్వాతి తరంలోని 3070లో 5,888 ఉన్నాయి. కోర్లు మూడో వంతుకు పైగా పెరిగినా ఆటల్లో రెండూ దాదాపు సమానం. కారణం లెక్కపెట్టే తీరులో ఉంది. అంతకుముందు పూర్ణాంకాల లెక్కలకే కేటాయించిన భాగాన్ని దశాంశాల లెక్కలకూ పనికొచ్చేలా మార్చి, దాన్నీ కోర్ల ఖాతాలో వేశారు. ఆటకు పూర్ణాంకాల పని పడినప్పుడల్లా ఆ భాగం పాత డ్యూటీకి వెళ్లిపోతుంది. టెరాఫ్లాప్స్ అంకె పుట్టేది కోర్ల సంఖ్య నుంచే కాబట్టి అది 13.4 నుంచి 20.3కు ఎగబాకింది. ప్రకటనలో చూడటానికి బాగుంటుంది, తెర మీద ఆ తేడా వెతికినా కనిపించదు.

బస్ వెడల్పు కథ దీనికి తలకిందులు. అక్కడ అంకె తగ్గినా నష్టం అంతగా లేదు. 3060 చిప్పులో ఎల్2 క్యాష్ 3 ఎంబీ అయితే 4060లో 24 ఎంబీ. వంటింటి డబ్బాలో పప్పు నిండుగా ఉంటే కిరాణా కొట్టు దారి ఇరుకైనా ఇబ్బంది లేనట్టే, కావలసిన డేటా చిప్పులోనే దొరికితే మెమరీ దాకా వెళ్లే అవసరం తగ్గుతుంది. ఆ సుఖానికీ ఒక హద్దుంది. 4060 టీఐని 3060 టీఐ పక్కన పెట్టి చూస్తే 1080పీలో కనిపించిన ఆధిక్యం 4కేకి వెళ్లేసరికి కరిగిపోతుంది, కొన్ని ఆటల్లో కొత్తదే వెనకబడుతుంది. రిజల్యూషన్ పెరిగితే డేటా పెరుగుతుంది, క్యాష్ చాలదు. అప్పుడు సెకనుకు 448 జీబీ స్థానంలో పెట్టిన 288 జీబీ బండారం బయటపడుతుంది.

కోర్లు తక్కువైతే వేగం పెంచి, బస్ ఇరుకైతే క్యాష్ పెంచి సర్దుకోవచ్చు. మెమరీకి ఆ సౌలభ్యం దాదాపు లేదు. ఆట అడిగే టెక్స్చర్లు 8 జీబీలో పట్టకపోతే మిగిలినవాటిని కంప్యూటర్ ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి. 4060కి ఉన్నవి ఎనిమిది పీసీఐఈ లేన్లే. నాలుగో తరం బోర్డు మీద ఆ దారిలో సెకనుకు 16 జీబీ వస్తుంది, మూడో తరం బోర్డు మీద అందులో సగం. అంటే పాత పీసీలో కార్డు ఒక్కటే మార్చుకుందామనుకునే వాళ్లకే దెబ్బ ఎక్కువ. 3060కి పదహారు లేన్లున్నాయి. మెమరీ ప్రభావం ఎంతో తేల్చుకోవడానికి కంపెనీయే ఒక పరీక్ష సిద్ధం చేసిపెట్టింది. 4060 టీఐలో 8 జీబీ, 16 జీబీ రకాలున్నాయి, చిప్పు, కోర్లు, బస్ అన్నీ ఒకటే. తేలికపాటి ఆటల్లో రెంటికీ తేడా తెలియదు. టెక్స్చర్లు భారీగా ఉన్న చోట చిన్నది కుదుపులు మొదలెడుతుంది, పెద్దది నింపాదిగా నడుస్తుంది. ఇది ఆటల ముచ్చట మాత్రమే కాదు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏఐ ప్రాజెక్టులు చేసే పిల్లలకు ఇంకా సూటిగా తగులుతుంది. 700 కోట్ల పారామీటర్ల భాషా నమూనాను 8 బిట్లకు కుదించినా 7 జీబీ దానికే పోతుంది. 8 జీబీ కార్డులో ఇక మిగిలేది ఎంత?

8 జీబీ చాలంటున్నవాళ్ల వాదన ఊరికే కొట్టిపారేసేది కాదు. 2023 మార్చిలో పీసీకి వచ్చిన ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1’ 8 జీబీ కార్డులను ముప్పుతిప్పలు పెట్టినా, తర్వాతి ప్యాచ్‌లతో చాలావరకు దారికొచ్చింది. సెట్టింగులు తగ్గించుకుంటే ఆడుకోవచ్చు, నిజమే. కొత్త కార్డు కొని మొదటి ఏడాదే సెట్టింగులు తగ్గించుకోవాలా అన్నదే నా అభ్యంతరం. కరెంటు ఆదా అనే మాటకూ లెక్క ఉంది. రోజుకు నాలుగు గంటలు ఆడితే 55 వాట్ల తేడా ఏడాదికి 80 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా 640 రూపాయలు. మంచిదే, కానీ పోయిన 4 జీబీ మెమరీ దానితో తిరిగిరాదు. ఇక ఫ్రేమ్ జనరేషన్. 549 డాలర్ల 5070తో 4090 పనితీరు దక్కుతుందని 2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ వేదిక మీద చెప్పారు. 6,144 కోర్లు, 12 జీబీ ఉన్న కార్డు 16,384 కోర్లు, 24 జీబీ ఉన్నదానికి సాటి రావాలంటే, అసలు ఫ్రేము ఒక్కోదానికీ మూడేసి ఫ్రేములు కల్పించి జోడించాలి. తెర మీద కదలిక నునుపవుతుంది గానీ మౌస్ కదిపిన చేతికి స్పందన వేగం పెరగదు. పైగా ఆ కల్పనకూ మెమరీయే కావాలి.

అలాగని పాతదే మేలని నేను అనడం లేదు. 1080 టీఐలో 11 జీబీ ఉన్నా, మెష్ షేడర్లు లేని కారణంగా ‘అలన్ వేక్ 2’ విడుదలైనప్పుడు తడబడింది. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్’ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉంటేనే నడుస్తుంది. పదో సిరీస్ కార్డులకు ఆటల డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేస్తానని ప్రకటించింది. మెమరీ బోలెడుండి తక్కిన సరంజామా లేని కార్డుకు కాలం చెల్లుతుంది. రెండూ ఉన్న కార్డును సామాన్యుడి ధరలో అడగడం అత్యాశేమీ కాదు. 2016 జూన్‌లోనే ఏఎండీ 8 జీబీ ఆర్‌ఎక్స్ 480ను 239 డాలర్లకు అమ్మింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2025లో, 299 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5060లోనూ అదే 8 జీబీ. మెమరీ ధారాళంగా ఉన్న చవక కార్డు దొరికితే ఏఐ పనికి ఖరీదైన కార్డులు ఎవరు కొంటారన్న బెంగ కూడా కంపెనీలకు ఉందేమో.

పేర్లు ఈ గందరగోళాన్ని ఇంకా పెంచాయి. జీటీఎక్స్ 1060లో 3 జీబీ రకానికి కోర్లు కూడా తక్కువ, అయినా పేరు అదే. జీటీ 1030ని 2018లో డీడీఆర్4 మెమరీతో మళ్లీ వదిలారు. బ్యాండ్‌విడ్త్ సెకనుకు 48 జీబీ నుంచి 17 జీబీ లోపుకు పడిపోయినా పేరు మారలేదు. 12 జీబీ ఆర్‌టీఎక్స్ 4080ని ప్రకటించాక, వేరే చిప్పుకు అదే పేరేమిటని జనం దుమ్మెత్తిపోస్తే 2022 అక్టోబరులో వెనక్కి తీసుకుని, తర్వాత 4070 టీఐగా దించారు. గొడవ చేస్తే ఫలితం ఉంటుందనడానికి అదే రుజువు. ఇప్పుడూ 5060 టీఐ పేరుతో 8 జీబీ, 16 జీబీ రెండూ అమ్ముతున్నారు. విడుదల ధరల్లో తేడా 50 డాలర్లు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో బేరమాడినా, ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టినా, మోడల్ నంబరు పక్కన మెమరీ ఎంతో బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.