జీతం తీసుకున్న చేతికి దుఃఖించే హక్కు లేదా?

మా అమ్మగారి పెద్దకర్మ నాడు చర్లపల్లిలోని మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంఘటన నాచేత ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నది. అమ్మకు మూడేళ్లపాటు సేవ చేసిన స్త్రీ గోడకు ఆనుకొని నిలబడి కన్నీరు పెట్టుకుంటున్నది. బాగా చదువుకున్న మా బంధువు ఒకాయన, "నెలనెలా జీతం ముట్టింది గదా, ఇంకా ఈ ఏడుపు దేనికి? ఏమైనా ఆశిస్తున్నదేమో కనుక్కోండి" అన్నారు. గొంతు కూడా తగ్గించలేదు. ఆమె విన్నది. కొంగుతో కళ్లు తుడుచుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన నాకు ఆ సమయాన ఒక్క మాట రాలేదు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

చరకసంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడ్డాయి: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉండవలసిన గుణాలు మళ్లీ నాలుగు: ఉపచారం తెలిసి ఉండడం, నేర్పు, శుచి, అనురాగం. మొదటి మూడింటిని నేర్పించవచ్చు, వెల కట్టవచ్చు. నాలుగవదానిని ఏ జీతపు చిట్టాలో వ్రాస్తాం? అయినా మనం మొట్టమొదట కోరేది దానినే. పనికి కుదుర్చుకున్న నాడు "మా అమ్మను నీ తల్లిలాగా చూసుకోవాలి" అన్నది నేనే. ఆమె అలాగే చూసుకున్నది. తీరా అమ్మ పోయాక, "నీవు జీతానికి వచ్చినదానివి, దుఃఖం మాది" అన్నాం. అనురాగాన్ని ఆజ్ఞాపించి దుఃఖాన్ని నిషేధించడం ఏ ధర్మం?

ఆ రోజు మేమందరం అమ్మను గురించి మాట్లాడాం. మా మాటల్లోని అమ్మ నలభై ఏళ్ల కిందటి అమ్మ. చివరి మూడేళ్ల అమ్మను ఎరిగినది ఆమె ఒక్కతే. ఆమెను మాట్లాడమని ఎవరూ అడగలేదు. తరువాత నేను వెళ్లి అడిగితే చెప్పింది: "అవ్వకు చీకటంటే భయం సార్. లైటు బందు చేస్తే నా చెయ్యి పట్టుకునేది. ఎవరో ఆడపిల్ల పేరు పెట్టి పిలిచేది. నేను ఊ అనేదాన్ని." ఆ పేరు పసితనంలోనే పోయిన మా చెల్లెలిది. యాభై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరూ పలకని పేరు.

ఇందులో నా దోషమూ ఉన్నది. ఆమె కన్నతల్లి జనగామ దగ్గరి పల్లెలో ఉన్నది. 2025 జనవరిలో మా చర్లపల్లి స్టేషను పెద్ద టెర్మినల్ అయింది. ఎక్కడెక్కడికో రైళ్లు వెళుతున్నాయి. ఇదే దారిలో ఉన్న తల్లిని చూసి రావడానికి ఆమెకు వరుసగా రెండు రోజుల సెలవు ఇచ్చిన గుర్తు నాకు లేదు.

"ఇటువంటి పనివాళ్లలో దొంగలు లేరా? ముసలివాళ్లను కొట్టేవాళ్లు లేరా?" అని అడిగేవారున్నారు. ఉన్నారు. అందుకే శిక్షణ కావాలి, నమోదు కావాలి, చట్టం కావాలి. తల్లిదండ్రుల పోషణకై వచ్చిన 2007 నాటి చట్టం సంతానం బాధ్యతను చెప్పిందే గాని, ఇంటికి వచ్చి సేవ చేసే మనిషి హక్కుల ఊసెత్తలేదు. ఇంటివద్ద సేవలకు కనీస ప్రమాణాలు ఉండాలంటూ 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు, 2024లో ఆ సభతోపాటే ముగిసిపోయింది. ఇంటిపనివారి హక్కులపై 2011లో వెలువడిన అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను మన దేశం ఇంతవరకు ధ్రువీకరించలేదు. వీరికోసం చట్టం విషయమై సంఘం వేసి ఆలోచించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టే కేంద్రానికి చెప్పవలసి వచ్చింది. దొంగలున్నారని వాదించే పెద్దలు ఈ చట్టం కోసం ఒక్కనాడైనా నోరు విప్పారా?

పెద్దకర్మ పత్రికలో మనుమల పేర్ల వరకు అచ్చువేయించాం. ఆమె పేరు లేదు. ఇక్కడైనా వ్రాస్తానని అడిగాను. "వద్దు సార్. రేపు ఇంకో ఇంట్ల పనికి పోవాలె. పేపర్లకెక్కినదాన్ని ఎవరు పెట్టుకుంటరు?" అన్నది.

కాబట్టి వ్రాయడం లేదు. సంవత్సరీకం నాడు మాత్రం ఆమెను అతిథిగా పిలుస్తాను. అమ్మను గురించి మొదట ఆమెనే మాట్లాడమంటాను. మా బంధువుగారు కూడా దయచేసి వినాలని కోరుతున్నాను. అక్కడ ఆయన తల్లిదండ్రులకు సేవ చేస్తున్నదీ ఇటువంటి స్త్రీయే గదా!