జపాండీ... ఖాళీలోనే హాయి!

రీల్స్‌లో ఈమధ్య ఓ గది తెగ కనిపిస్తోంది కదా? లేత రంగు గోడలు, నేలకు దగ్గరగా చెక్క మంచం, పక్కన ఓ పేపర్ ల్యాంప్... అంతే! ఆ స్టైల్ పేరే ‘జపాండీ’. జపాన్, స్కాండినేవియా పద్ధతుల కలయిక.

ఎక్కడి జపాన్, ఎక్కడి డెన్మార్క్ అనుకుంటున్నారా? ఈ పరిచయం పాతదే. 1867లోనే రెండు దేశాల మధ్యా ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత జపాన్ వస్తువుల్ని చూసి డానిష్ డిజైనర్లు చాలానే నేర్చుకున్నారు.

జపాన్ వాళ్లది ‘వాబి సాబి’. అంటే పాతదనంలో, చిన్న చిన్న లోపాల్లోనూ అందం చూడటం. డానిష్‌వాళ్లది ‘హ్యూగా’. చలికాలపు చీకట్లో ఇంట్లో వెచ్చగా, హాయిగా గడపటం. మొదటిది గదిని ఖాళీ చేయిస్తుంది. రెండోది ఆ గది బోసిపోకుండా చూస్తుంది.

తంటా ఎక్కడంటే... ట్రెండ్ కదా అని ఉన్న టేబుల్ పారేసి, ఈఎంఐలో ‘జపాండీ సెట్’ కొనేస్తాం. జపాన్‌లో పగిలిన కప్పుని కూడా చెట్టు జిగురు, బంగారు పొడితో అతికి వాడుకునే ‘కింత్సుగి’ అనే కళ ఉంది. మరి మనం పారేసిన టేబుల్ మాటేమిటి?

అందుకే కొనేముందు గది ఖాళీ చేయండి. ఏడాదిగా ముట్టుకోనివి ఎవరికైనా ఇచ్చేయండి. రాత్రిళ్లు ట్యూబ్‌లైటు ఆపి, ఓ మూల పసుపు వెలుగు ల్యాంప్ పెట్టండి. ఒక్క మొక్క చాలు. తాతయ్య టేకు కుర్చీ అటక మీదుంటే దించండి. గీతలు పడ్డాయా? ఉండనివ్వండి. అసలు అందం వాటిదే!