తంబోలా ఉండనీ, టికెట్ పైసలు పోనీ

జక్రాన్‌పల్లి నుంచి బోధన్ దాకా మన ఇళ్లలో షాదీ ముందు రోజు తంబోలా ఇప్పుడు ఒక రివాజ్. ఖాలాలు, ఫుప్పూలు, పిల్లలు అంతా చాపల మీద చేరతారు. టికెట్ పది రూపాయలు. ఒకరు "ఇది జువ్వా, హరామ్" అని లేచిపోతారు. ఇంకొకరు "పది రూపాయలకే ఈమాన్ పోతుందా?" అని నవ్వుతారు. ఇద్దరూ సగమే చెప్తున్నారని నా ఖయాల్.

ఈ ఆట తారీఖ్ చూడండి. దీని మూలం 1530 నాటి ఇటలీ లాటరీ. సర్కారు ఖజానాకు ఆమ్దనీ. 18వ సదీలో నేపుల్స్ బాద్షా లాటరీ నడపాలన్నాడు, పాద్రీ గునాహ్ అన్నాడు. చివరికి క్రిస్మస్ వారం లాటరీ బంద్ చేసేలా రాజీ కుదిరింది. అప్పుడు జనం అంకెలను ఇంటికి తెచ్చుకుని బుట్టలో వేసి తీశారని, అదే తొంబోలా అయిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. జర్మనీలో 19వ సదీలో పిల్లలకు ఎక్కాలు నేర్పడానికి ఇలాంటి ఆటనే వాడారు. బ్రిటిష్ ఫౌజ్‌లో ఇది హౌసీ. అమెరికాలో 1929 తర్వాత బింగో.

ఒకచోట ఖజానా, ఇంకోచోట మక్తబ్. ఫరఖ్ అంకెల్లో లేదు, పైసల్లో ఉంది. అందరూ పైసలు వేసి, నసీబ్ కలిసినవాళ్లు మిగతావాళ్లవి పట్టుకుపోవడమే ఖిమార్. "తక్కువే కదా" అన్నది జవాబు కాదు. ఆదత్ పడేది తక్కువ దగ్గరే. 2019లో అబుదాబి బిగ్ టికెట్‌లో మన జిల్లా రైతు ఒకాయనకు ఒకటిన్నర కోట్ల దిర్హాములు తగిలాయి. ఆ కిస్సా ఊరూరా తిరిగింది. అదే డ్రాకు టికెట్ కొని ఖాళీ చేతులతో మిగిలినవాళ్ల కిస్సా ఎవరు చెప్పారు? తెలంగాణ సర్కారు 2017లోనే పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు బంద్ చేసింది. ఇంట్లో చాప మీద నేర్పేది మాత్రం మన జిమ్మేదారీ.

అందుకే నా మష్వరా ఇది. టికెట్లు ముఫ్త్‌గా పంచండి. ఇనాం దావత్ ఇచ్చేవాళ్లే పెట్టాలి: స్టీలు డబ్బానో, అత్తర్ సీసానో. ఎవరి జేబులోంచీ పైసా పోదు కాబట్టి అది హదియా.

ఇంకో మాట. అంకెలు ఉర్దూలో పిలవండి. తెలుగు, ఇంగ్లిష్ మీడియంలో చదివే మన పిల్లల్లో చాలామందికి ఇరవై దాటితే గిన్తీ రాదు. 59 ఉన్సఠ్, 69 ఉన్హత్తర్, 79 ఉన్నాసీ, 89 నవాసీ, పెద్దవాళ్లమే తడబడతాం. పుస్తకం పట్టుకుని కూర్చోబెడితే పారిపోయే పిల్లాడు, చేతిలో టికెట్ ఉంటే చెవులు నిక్కబొడుచుకుని వింటాడు. దాదీ "ఉన్సఠ్" అంటే పక్కనున్న ఆపాను అడిగి మరీ కొట్టేసుకుంటాడు. జుబాన్ ఇళ్లలోంచి జారిపోతోందని జల్సాల్లో ఎంత బాధపడినా రాని గిన్తీ ఇలా వస్తుంది.

వచ్చే షాదీలో ఆజ్మాయించి చూడండి. బుట్ట దాదీ చేతికివ్వండి, పైసల డబ్బా అసలు తేకండి.