సభను తప్పించి సైన్యాన్ని చూపించలేం

విద్యార్థులను ఢిల్లీ విజ్ఞానయాత్రకు తీసుకెళ్లేటప్పుడు పార్లమెంటును జాబితాలోంచి తీసేయాలనే వాదన ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది. అక్కడేముంది, ఖాళీ కుర్చీలు, కేకలు, వాయిదాలు. అవి చూస్తే పిల్లలు చెడిపోతారు. అదే పూటలో జాతీయ యుద్ధ స్మారకం, పాలంలోని వైమానికదళ మ్యూజియం చూపిస్తే క్రమశిక్షణ, దేశభక్తి అబ్బుతాయట. ఇలా అనేవాళ్లలో కన్నవాళ్లున్నారు, పాఠాలు చెప్పేవాళ్లున్నారు. పిల్లల మేలు కోరే అంటున్నారు. అయినా ఈ వాదన తప్పు, పైగా ప్రమాదం. దేశంలో పనిచేసేది సైన్యమొక్కటే, సభ వట్టి దండగ అనే అభిప్రాయాన్ని ఇది పదహారేళ్ల మనసులో నాటుతుంది.

యుద్ధ స్మారకం చూపించవద్దని ఎవరూ అనరు. అక్కడి గోడల మీద పాతిక వేలకు పైగా పేర్లున్నాయి. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు పేరు వాటిలో ఉంది. మన పిల్లలు ఆ పేరు ముందు నిలబడాల్సిందే. నిలబడ్డాక వాళ్లకు ప్రశ్నలు పుట్టాలి. జవానును సరిహద్దుకు పంపే అధికారం ఎవరిది? అతని తుపాకీకి డబ్బు ఎవరు మంజూరు చేశారు? అతనికి వర్తించే చట్టం ఎవరు రాశారు? వీటికి జవాబు కర్తవ్యపథ్ అవతలి కొసకు దగ్గర్లో, పార్లమెంటులో ఉంది. రక్షణ దళాల సర్వోన్నత ఆధిపత్యం రాష్ట్రపతికి ఇచ్చిన 53వ అధికరణే, ఆ అధికారాన్ని చట్టం ప్రకారమే వినియోగించాలనీ చెప్పింది. 1950 నాటి సైనిక చట్టం, 1957 నాటి నౌకాదళ చట్టం పార్లమెంటు చేసినవే. సభ ఆమోదించిన చట్టం లేకుండా సంచిత నిధి నుంచి ఒక్క రూపాయి తీయడానికి వీల్లేదని 114వ అధికరణ చెబుతుంది. అంటే విశాఖ తీరంలో మన పిల్లలు ఆశ్చర్యంగా చూసే కుర్సురా జలాంతర్గామి కూడా ఒకనాటి పద్దుల మీద పడిన ఓట్లతోనే నౌకాదళానికి వచ్చింది.

ఖాళీ కుర్చీల సంగతికొద్దాం. గ్యాలరీలో కూర్చుంటే కనిపించేది పార్లమెంటు పనిలో ఒక భాగమే. లోక్‌సభ నడవడానికి మొత్తం సభ్యుల్లో పదో వంతు, అంటే 55 మంది ఉంటే చాలు. శాఖలవారీ స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి. ఒక్కోదానిలో రెండు సభల నుంచీ కలిపి 31 మంది ఉంటారు. అధికారులను పిలిపించి ప్రశ్నించడం, పద్దులను పంక్తి పంక్తీ చదవడం అక్కడ జరుగుతుంది. ఆ గదుల్లోకి సందర్శకులను రానివ్వరు, కెమెరాలుండవు. కనిపించలేదు కాబట్టి పని జరగలేదనడం న్యాయం కాదు.

2018 మార్చిని గుర్తు చేసుకోండి. రక్షణ స్థాయీ సంఘం ముందుకు నాటి సైనిక ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ వచ్చి, సైన్యం సామగ్రిలో 68 శాతం కాలం చెల్లిన కోవలోనిదనీ, అత్యాధునికమైనది 8 శాతమేననీ చెప్పారు. సంఘానికి అధ్యక్షుడు అధికార పక్షానికే చెందిన విశ్రాంత మేజర్ జనరల్ బి.సి. ఖండూరి. ఆయన తన ప్రభుత్వానికి ఇబ్బందవుతుందని దాన్ని దాచలేదు. నివేదికలోకెక్కింది, సభ ముందుకొచ్చింది, దేశమంతా చదివింది. సైన్యం తన కష్టం చెప్పుకోవడానికి రాజ్యాంగబద్ధమైన చోటు పార్లమెంటే అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అదే వారంలో లోక్‌సభ, ప్రత్యేక హోదా కోసం మన ఎంపీలు చేస్తున్న నినాదాలతో సహా పలు ఆందోళనల నడుమ, చర్చ లేకుండానే బడ్జెట్ పద్దులన్నిటినీ గిలటిన్ చేసి ఆమోదించింది. రక్షణ పద్దు కూడా అందులో వెళ్లిపోయింది. ఇది తప్పే, నేను సమర్థించను. కానీ ఈ తప్పును పిల్లలకు కనబడకుండా చేస్తే అది దిద్దుకుంటుందా? లక్షల కోట్లు మాట లేకుండా మూజువాణి ఓటుతో పోవడం కళ్లారా చూసిన విద్యార్థి రేపు తన ఎంపీని నిలదీస్తాడు. చూడనివాడికి ఆ సంగతే తెలియదు.

యుద్ధకాలంలో సభ అడ్డమని అనుకునేవాళ్లు 1962ను చదవాలి. చైనాతో యుద్ధం ముగియకముందే, నవంబరు 8న పార్లమెంటు సమావేశమై ప్రభుత్వ వైఫల్యాన్ని చర్చించింది. అంతకుముందే పాలకపక్ష సభ్యులే పట్టుబట్టడంతో రక్షణ మంత్రిత్వ శాఖను చూసిన కృష్ణ మేనన్ మంత్రివర్గం వీడాల్సి వచ్చింది. దానివల్ల జవాను స్థైర్యం తగ్గలేదు, అతని బూటూ కోటూ గురించి అడిగే గొంతులు పెరిగాయి.

ఇంత చిన్నవాళ్లకు ఇవన్నీ ఎందుకనే మాటే నన్ను అన్నిటికంటే బాధిస్తుంది. పదిహేడున్నరేళ్లకే అగ్నివీరుడిగా చేరవచ్చు. మన ఊళ్లలో తెల్లవారకముందే 1,600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లది ఆ వయసే. నాలుగేళ్ల కొలువిచ్చే ఆ అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న మంత్రివర్గ నిర్ణయంగా ప్రకటించారు. బిల్లుగా సభకు రాలేదు. మూడు రోజులకు దానిపై నిరసనల్లో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు పెట్టెలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. నాలుగేళ్ల కొలువు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. అయితే ఆ ప్రశ్నను ఏ కమిటీకి అర్జీగా పంపాలో, ఏ ఎంపీ చేత నక్షత్ర గుర్తు ప్రశ్నగా వేయించాలో ఆ పిల్లలకు ముందే తెలిసి ఉండాల్సింది. దేశం కోసం చావడానికి చాలిన వయసు, దేశం ఎలా నడుస్తుందో చూడటానికి చాలదా?

2023 డిసెంబరు 13న గ్యాలరీలోంచి ఇద్దరు సభలోకి దూకిన ఘటనను చూపించి, ఇక పిల్లలెందుకు అంటున్నారు. తనిఖీలు ఎంత కట్టుదిట్టం చేసినా అభ్యంతరం లేదు. గ్యాలరీ మాత్రం జనానిది.

నిజానికి మన యాత్రల్లో లోపం మరోచోట ఉంది. దసరాకో సంక్రాంతికో బయల్దేరదీస్తాం. ఆ రోజుల్లో మామూలుగా సభలుండవు. పిల్లలు భవనం చూసి, ఫొటో దిగి వస్తారు. శీతాకాల సమావేశాలు సాధారణంగా నవంబరు చివరో డిసెంబరు మొదట్లోనో మొదలవుతాయి. ఆ రోజులకు పాసుల కోసం స్థానిక ఎంపీకి ముందే రాయాలి. రక్షణ శాఖ జవాబిచ్చే రోజు చూసుకుని, లోక్‌సభలో పదకొండు గంటల ప్రశ్నోత్తరాల సమయానికి పిల్లలను కూర్చోబెట్టాలి. బయల్దేరే ముందు తరగతిలో రక్షణ స్థాయీ సంఘం నివేదిక ఒక్కటి చదివించాలి. అవి అందరికీ దొరికేవే. యుద్ధ స్మారకానికి ఆ సాయంత్రమే తీసుకెళ్లవచ్చు.