గేమ్ పరికరాలకు వేరే పెట్టె, జాబితాలో వేరే వరుస
(ఇల్లు మారే కుటుంబాలకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు, ప్యాకర్స్ సంస్థలకు విజ్ఞప్తి)

ఆషాఢంలో ఇల్లు మారకూడదన్న ఆచారం తెలుగు కుటుంబాల్లో ఇంకా బలంగా ఉన్నందువల్ల, ఆ నెలంతా ఆగిన సామాను శ్రావణం రాగానే ఒక్కసారిగా లారీలెక్కుతుంది. అంటే నైరుతి రుతుపవనాల వానలు కురిసే రోజుల్లోనే, కూలీలకు ఊపిరాడని ముహూర్తాల్లోనే, ఇంట్లోని సున్నితమైన వస్తువులన్నీ రోడ్డు మీదికి వస్తాయి. దేవుడి పటాన్నీ, పాలు పొంగించే గిన్నెనూ ఇంటివారు చేతులతో పట్టుకొని వెళ్తారు. 2021లో మన దేశంలో విడుదలైనప్పుడే 49,990 రూపాయల ధర పలికిన ప్లేస్టేషన్ 5 వంటి గేమ్ కన్సోల్‌ను, అనగా టీవీకి తగిలించి ఆటలాడుకొనే ప్రత్యేక కంప్యూటర్‌ను, అదే కుటుంబం పాత దుప్పటిలో చుట్టి ఇత్తడి బిందెల పక్కన వేసి పంపుతుంది. ఇది పిల్లల ఆటవస్తువన్న భావనే ఈ అశ్రద్ధకు మూలం. ఆ భావన వదిలి, గేమ్ పరికరాలను వేరే పెట్టెలో సర్ది, సామాను జాబితాలో వేరే వరుసలో రాయించాలన్నదే ఈ కరపత్రం కోరేది.

జాబితా సంగతి చిన్నది కాదు. చాలా సందర్భాల్లో కూలీల మేస్త్రీ ‘ఎలక్ట్రానిక్స్, ఒక పెట్టె’ అని రాసి సంతకం తీసుకుంటాడు. అందులో ఏముందో, దాని విలువెంతో ఎక్కడా ఉండదు. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం సరుకు పంపేవారు దాని వివరాలను, విలువను ముందుగా ఒక పత్రంలో ప్రకటించాలి. దీనినే గూడ్స్ ఫార్వర్డింగ్ నోట్ అంటారు. 2011లో వచ్చిన నియమాలు నష్టపరిహారాన్ని సాధారణంగా కిరాయికి పది రెట్లకు, అదీ ప్రకటించిన విలువను మించకుండా, పరిమితం చేశాయి. కనుక కన్సోల్ పేరు, వెనుక ముద్రించి ఉండే సీరియల్ నంబరు, విలువ కాగితం మీద లేకపోతే, పగిలిన తరువాత ఎంత వాదించినా ఆ వాదనకు ఆధారం ఉండదు.

సర్దడం ఆ పరికరం లోపలి నిర్మాణాన్ని బట్టి ఉండాలి. ప్లేస్టేషన్ 4 వంటి కన్సోళ్లలో సమాచారం హార్డ్ డిస్కులో, అనగా వేగంగా తిరిగే లోహపు పూత పళ్లేల మీద నిలువ ఉంటుంది. ఆ పళ్లేలకు వెంట్రుకవాసిలో వెయ్యోవంతు కూడా లేని ఎత్తులో చదివే ముల్లు కదులుతుంది. కన్సోల్‌ను పూర్తిగా ఆపితే ఆ ముల్లు తన భద్రస్థానానికి చేరుతుంది; రెస్ట్ మోడ్‌లో, అంటే సగం నిద్రలో ఉన్న యంత్రం ప్లగ్గు లాగడం ప్రమాదకరం. డ్రైవులో డిస్కు ఉంచి కదిలించడమూ అంతే. ఈ ఆటలు వచ్చే బ్లూ-రే డిస్కులో సమాచారపు పొర ఉపరితలానికి కేవలం 0.1 మిల్లీమీటరు లోతున ఉంటుంది. పాత సీడీల్లో అది పైనున్న బొమ్మకు అడుగునే ఉన్నందున, బొమ్మ వైపు గీత పడినా ఆట పోతుంది. ప్రతి డిస్కూ దాని డబ్బాలో, డబ్బాలు పుస్తకాల్లా నిలువుగా ఉండాలి. తీగలన్నీ తీసేయడం మరీ ముఖ్యం. కన్సోల్‌ను టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ తీగను తగిలించే ఉంచితే, దానికి చిన్న దెబ్బ తగిలినా అది బిగించి ఉన్న రంధ్రం లోపలి అతుకు ఊడవచ్చు.

గేమింగ్ కంప్యూటర్ల విషయంలో గ్రాఫిక్స్ కార్డును, అనగా తెర మీద బొమ్మలు గీసే పలకను, తప్పక విడదీయాలి. పెద్ద కార్డులు కొన్ని 2 కిలోలు దాటుతాయి, ఆ బరువు ఒక సన్నని గాడిని పట్టుకొని వేలాడుతుంటే ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు. విడదీసిన కార్డును స్థిరవిద్యుత్తును నిరోధించే కవరులోనే చుట్టాలి, మామూలు ప్లాస్టిక్ సంచీలో కాదు. ఖరీదైన ఈ కార్డు కన్నా కూడా ఎక్కువ బాధ కలిగించే నష్టం మరొకటుంది. నింటెండో స్విచ్‌లో పిల్లవాడు ఏళ్ల తరబడి ఆడి దాచుకున్న ప్రగతి, ఆట ఉండే చిన్న కార్ట్రిడ్జ్‌లో కాక కన్సోల్ లోపలి జ్ఞాపకంలో ఉంటుంది. యంత్రం పోతే కొత్తది కొనవచ్చు గాని ఆ ఏళ్లు తిరిగిరావు. అందువల్ల పెట్టె కట్టేముందే ఆ సమాచారానికి మరో ప్రతి తీయడం పెద్దల బాధ్యత.

లిథియం బ్యాటరీలున్న కంట్రోలర్లను, అనగా చేత పట్టి ఆడే మీటల పరికరాలను, బరువు కింద నలగనీయకూడదు. విమానంలో వెళ్లేవారు పవర్ బ్యాంకులను చేతిసంచీలోనే ఉంచుకోవాలి. అసలు అట్టపెట్టెను, అందులోని అచ్చులను అటకమీద దాచిన కుటుంబానికి సగం పని తగ్గుతుంది. ఆ పెట్టె కూడా లారీలో కాక కుటుంబం ప్రయాణించే కారులో, పాలగిన్నె పక్కనే వెళ్లడం ఉత్తమం. వానలో వచ్చిన యంత్రాన్ని దించీ దించగానే వెలిగించకుండా, లోపల చేరిన చెమ్మ ఆరేదాకా కొన్ని గంటలు ఆగాలి.

ప్యాకర్స్ సంస్థలు తమ ముద్రిత జాబితాల్లో గేమ్ పరికరాలకు వేరే వరుస చేర్చాలి. సామాను బయటికి వెళ్లడానికి అనుమతి చీటీ ఇచ్చే అపార్ట్‌మెంట్ సంఘాలు, ఆ వరుస నింపారో లేదో ఒకసారి చూసి చీటీ ఇవ్వవచ్చు. ఇంటివారు కూలీలుండగానే పెట్టె విప్పి, లోపం కనిపిస్తే రసీదు మీదే రాయించి, ఫొటో తీసి, సామాను బుక్ చేసిన నాటి నుంచి 180 రోజుల లోపల సంస్థకు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. ఆ నోటీసు లేనిదే దావాకు చట్టం ఒప్పుకోదు.