ఫుట్‌బాలు జట్లకు సిపాయి శిక్షలా?

అమలాపురమునను, రాజోలునను, కొత్తపేటలోను సాయంకాలమున పఠనమందిరములకు వచ్చు పెద్దలలో కొందరు ఈ నడుమ ఒక మాట పలుకుచున్నారు. మన కళాశాల బాలురు ఫుట్‌బాలు పోటీలలో ఓడివచ్చుటకు కారణము వారి మెత్తదనమేనట! వారిని పటాలపు కుర్రవాండ్రవలె తోమినగాని దారికి రారట! తెల్లవారుజామున లేపి, భుజములమీద ఇసుకబస్తాలెత్తి, మోచేతులమీద ప్రాకించి, ఓడిన మరునాడు సొమ్మసిల్లువరకు మైదానము చుట్టు పరుగెత్తించి, నడుమ నీళ్లడిగినవానిని పిరికివాడని నలుగురిలో నవ్వులపాలు చేయవలెనట! దీనికి "సైనిక శిక్షణము" అని పేరు పెట్టుటచేత దానికొక గౌరవము వచ్చుచున్నది. పేరు చూచి మోసపోవుట మనకు క్రొత్త గాదు. ఈ పేరు చాటున ఏమి జరుగునో, నష్టమెవరిదో విచారించుట మా విధి.

మేము క్రమశిక్షణకు శత్రువులము కాము. 1921లో చీరాల పేరాల పోరాటమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట నిలిచిన రామదండు కట్టుబాటుగల దళమే. మనకు గౌతమి కావలనున్న కాకినాడలో, 1923 డిసెంబరు కాంగ్రెసు సభల సందర్భముననే, హర్డీకరుగారి హిందూస్థానీ సేవాదళము పుట్టినది. మేమును సేవాదళపు టోపీ ధరించి వరుసలో నిలిచినవారమే. ఎండలో నడచి కాళ్లు బొబ్బలెక్కినవారమే. కాని ఆ వరుసలోనికి వచ్చినవాడు తన మనసుతో వచ్చెను, పోదలచినవాడు పోగలిగెను, దప్పికగొన్నవానికి ముందుగా నీళ్లందించుట దళపతి ధర్మముగా నుండెను. నేడు కోరబడుచున్నది ఆ కట్టుబాటు కాదు, దాని వికృతానుకరణము.

బాలురే ఒప్పుకొని వచ్చుచున్నారు గదా యందురు. జట్టులో చోటు, తరగతిలో హాజరు, రేపు క్రీడాకోటాలో రాగల ఉద్యోగము, ఇవన్నియు శిక్షకుని నోటిమాటపై వ్రేలాడుచుండగా పందొమ్మిదేండ్ల బాలుడు తల యూపినచో దానిని ఏ న్యాయవాది సమ్మతి యనునో మాకు తెలియదు. చైనా యుద్ధము తరువాత 1963లో మన ప్రభుత్వము కళాశాల విద్యార్థులకు ఎన్.సి.సి. శిక్షణమును నిర్బంధము చేసినది. 1968లో మరల దానిని ఐచ్ఛికము చేసినది. దేశరక్షణకై పెట్టిన నిర్బంధమునే సడలింపవలసి వచ్చినపుడు, ఒక జిల్లా కప్పు కొరకు మన కళాశాలలు దానిని తలకెత్తుకొనవలెనా?

ఈ వ్యామోహము ముదిరి ఫలించిన దేశము అమెరికా. అచ్చటి ఫుట్‌బాలు వేరు ఆట, చేతులతో ఆడు ఆట. కాని బాలుర దేహములు వేరు కావు. 1954లో టెక్సాసులోని ఒక కళాశాల జట్టును జంక్షన్ అను ఊరికి గొనిపోయి, అనావృష్టితో బీటలువారిన నేలమీద పదిదినములు నీళ్లు త్రాగనీయక సాధకము చేయించిరి. వెళ్లినవారిలో సుమారు మూడవవంతే చివరివరకు నిలిచిరి. ఒకడు ఎండదెబ్బకు చావుదాక పోయి వచ్చెను. ఆ యేట ఆ జట్టు ఆడిన పది పందెములలో తొమ్మిది ఓడెను! రెండేండ్లకు, 1956లో, అదే జట్టు తన మండలములో ప్రథమస్థానమునకు వచ్చినదని ప్రతివాదులు తప్పక చెప్పుదురు. రెండేండ్ల ఆటకు దక్కవలసిన కీర్తిని పదిరోజుల దప్పికకు కట్టబెట్టుట ఏ సాక్ష్యశాస్త్రమున కలదో వారే సెలవియ్యవలెను.

ఇది పాతకథ యని త్రోసివేయుటకును వీలులేదు. 2017 జనవరిలో ఆరెగాన్ విశ్వవిద్యాలయపు ఆటగాండ్రకు సైనిక ప్రాథమిక శిక్షణమును పోలిన కసరత్తులు పెట్టగా ముగ్గురు ఆసుపత్రి పాలైరి. శిక్షకుని నెలదినములు జీతము లేకుండ ప్రక్కన బెట్టిరి. ఇట్టి అతిసాధకముచే కలుగు జబ్బును మన పెద్దలు తెలిసికొనవలెను. విరామము లేక శ్రమించిన కండరము చితికి, దాని సారము రక్తములో కలిసి, మూత్రపిండములను మూసివేయును. మూత్రము డికాషను రంగుకు తిరుగును. కండబలము కొరకు చేసిన పని కండనే కరిగించునన్న మాట! ఆ మరుసటి యేట, 2018 మే 29న, మేరీలాండు విశ్వవిద్యాలయములో జోర్డన్ మెక్నేర్ అను పందొమ్మిదేండ్ల ఆటగాడు పరుగుల సాధకములో వడదెబ్బకు కూలెను. వెంటనే చల్లని నీటిలో ముంచి దేహతాపమును తగ్గింపవలసియుండగా ఆ చికిత్స జరుగలేదు. జూన్ 13న అతడు మరణించెను. ఆ విశ్వవిద్యాలయాధ్యక్షుడు న్యాయపరమైన బాధ్యతయు, నైతికబాధ్యతయు తమదేనని బహిరంగముగా ఒప్పుకొనెను. ఒప్పుకొన్నందున తల్లికి కొడుకు వచ్చెనా?

సైన్యము పేరు వాడువారు సైన్యపు శాసనమునైన చదివియుండరు. 1950 నాటి భారత సైనిక శాసనములోని 47వ సెక్షను ప్రకారము తన క్రిందివానిపై చేయి చేసికొన్నను, మరియొక విధముగా హింసించినను, అట్టి అధికారికి ఏడేండ్లవరకు ఖైదు విధింపవచ్చును. సిపాయికి జీతము కలదు, పటాలపు వైద్యుడు కలడు, అన్నిటికి మించి ఈ సెక్షను కలదు. మన కళాశాల ఆటగానికి ఇందులో ఏది కలదు? పటాలములో నేరమగు పనిని మైదానములో శిక్షణమని పిలుచుట ఎంత వింత! ఇక ఆ బాలుడు నిర్లక్ష్యమువలన మరణించినచో భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను ఉన్నదని శిక్షకులును, యాజమాన్యములును గుర్తుంచుకొనుట వారికే మంచిది.

దయాధర్మముల మాట అటుంచి, గెలుపు మాటయే తీసికొందము. 1911 జూలై 29న కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు తుదిపోటీలో మోహన్ బగాన్ జట్టును ఎదిరించినది ఎవరు? ఈస్టు యార్కుషైరు రెజిమెంటు, నిత్యము కవాతు చేయు తెల్లసిపాయీలు. మనవారిలో పదిమందికి కాళ్లకు జోళ్లు లేవు. రెండు గోళ్లకు ఒకటిగా గెలిచినది ఎవరో చెప్పనక్కరలేదు. కవాతే గెలిపించునదైన ఆనాడు గెలువవలసినవారు వేరు.

మన తెలుగునాటనే ఇంతకంటె గట్టి సాక్షి యున్నాడు. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీముగారు వృత్తిచే బడిపంతులు. వారి చేతికి వచ్చినది పోలీసు జట్టు. లాఠీ పట్టు జవానులకు అదనముగా మరికొంత కవాతు చేయించి ఊరకుండవచ్చును. వారట్లు చేయలేదు. బంతిని కాలితో త్రిప్పుకొనుచు పోరాదను నిబంధనతో పోటీలు పెట్టించి, తోటివానికి చప్పున అందించుట నేర్పిరి. చేతగాని కాలితోనే తన్నవలెనని మరికొన్ని పోటీలు పెట్టించి రెండు కాళ్లను సమానము చేసిరి. ఆ హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో వారి శిక్షణలోనే భారతజట్టు స్వర్ణము పొందెను. మరుసటి యేట హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో పదింటికి ఒకటిగా చితికినపుడు, మన పెద్దలు శిక్షకులైయుండినచో ఆ బాలుర నెంత దూరము ప్రాకించియుందురో! రహీముగారు ప్రాకింపలేదు. ప్రపంచపు మేటిజట్లు నిలుచు తీరును, కదలు తీరును పరిశీలించి తమ జట్టును తిరిగి దిద్దిరి. 1956లో మెల్‌బోర్నులో మనము నాలుగవస్థానమున నిలిచితిమి. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను ఓడించి మరల స్వర్ణము తెచ్చితిమి. వ్యాధితో క్రుంగుచునే ఆ జట్టును నడిపి, మరుసటి యేట ఆయన కన్నుమూసిరి. రహీముగారు మెత్తనివారు కారు, కఠినులే. వారి కాఠిన్యమంతయు బంతిమీద, కాలిమీద, బుద్ధిమీద. బాలుని మానముమీద కాదు.

కవాతులో ఆజ్ఞ వినబడువరకు కదలరాదు. ఫుట్‌బాలులో ఆజ్ఞ కొరకు చూచువాని కాలినుండి బంతి అప్పుడే పోయియుండును. మేటి ఆటగాడు ఒక పందెములో సుమారు 10 కిలోమీటర్లు తిరుగును. కాని అది సాగిన పరుగు కాదు, క్షణక్షణము ఆగి, తిరిగి, చూచి ఉరుకుట. అగ్నివీర సైనికుల ఎంపికకై మన బాలురు కాలువగట్లమీద 1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషముల 30 సెకనులలో ముగింప సాధకము చేయుచుండుట చూచి మేము సంతోషించువారమే. అది ఆ పనికి తగిన పరుగు. దానిని తెచ్చి దీనికి అంటుగట్టిన కాయునది ఏమి?

మన సీమ స్వభావమును కూడ తలపవలెను. మూడుప్రక్కల గోదావరిపాయలు, సముద్రము, ఎటుచూచినను వరిచేలు, కొబ్బరితోటలు. గాలిలో తడి యెక్కువ. ఒంటి చెమట ఆరదు. ఆరని చెమట తాపమును తీయదు. రోహిణీకార్తెలో రాజమండ్రి ఎండకు జడియువారు, తేమతో కూడిన మన ఉక్కను నీడపట్టని తలంచి ఏమరుచున్నారు. సెలవులు గడపివచ్చిన బాలుని దేహము వేడికి అలవాటు పడుటకు పది పదునాలుగు దినములు పట్టును. మొదటినాడే వానిని ఇసుకబస్తాతో పరుగెత్తించుట తెలివిమాలిన పని. కొబ్బరిబొండము దొరకని వీథియే లేని కోనసీమలో దాహముగొన్న బిడ్డకు నీళ్లు లేవనుటా!

అమలాపురమువాడే యైన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో చిరాగ్ శెట్టితో కూడి బ్యాడ్మింటన్ జంటలాటలో ప్రపంచ ప్రథమస్థానము నందెను. అతనిని తీర్చిన పుల్లెల గోపీచందుగారి విద్యాలయములోను తెల్లవారకమునుపే లేచు నియమము కలదు. శ్రమ తగ్గింపుమని మేము కోరుట లేదు. ఆ శ్రమ ఆటకు సంబంధించినదై యుండవలెననుచున్నాము.

కాబట్టి మన మూడు పట్టణములలోని కళాశాలల పాలకవర్గములను కొన్ని ప్రశ్నలడుగుచున్నాము. సాధకము జరుగువేళ మైదానములో నీళ్లును, మంచుగడ్డలును, నీటితొట్టియు ఉంచుచున్నారా? బాలుడు పడిపోయినచో శిక్షకుని మాటకు అడ్డుచెప్పి ఆట నాపగల అధికారము ఎవరికి ఇచ్చితిరి? ఓటమికి దేహదండనము విధింపరాదని వ్రాతమూలకమైన నియమము చేసితిరా? చేసియున్న యెడల ఆ కాగితపు ప్రతిని మాకు పంపుడు. వచ్చు సంచికలో ఈ పుటలోనే అచ్చువేయుదుము. చేయనియెడల ఆ మాటయే వ్రాయుడు. దానిని కూడ అచ్చువేయుదుము.